ఆదెప్ప ఆకాశ నివేదిక

దేశంలో ఎక్కడ మబ్బు పట్టినా విమానాలు దిగడానికి ఒక చోటు కావాలనీ, ఆ చోటు అనంతపురం జిల్లాయేననీ, ఇక్కడి కరువును ఇంతకాలం శాపమని చెప్పుకున్నవాళ్లు సిగ్గుపడాలనీ మంత్రిగారు వజ్రకరూరు విమానాశ్రయం ప్రారంభ సభలో ప్రకటించారు. "వజ్రాలు వాన పడితే దొరుకుతాయి. నేను తెచ్చిన వజ్రం వాన పడకపోతేనే మెరుస్తుంది" అని కూడా సెలవిచ్చారు. వేదిక మీద అందరికంటే ముందు చప్పట్లు కొట్టినవాడు ఆదెప్ప.

ఆదెప్ప పార్టీ మండల కార్యదర్శి. నాలుగు ఎన్నికల్లో డమ్మీ నామినేషన్ వేసిన ఘనుడు. అసలు అభ్యర్థి కాగితాల్లో ఏదైనా తప్పు దొర్లితే అక్కరకొస్తాడని పక్కన ఇంకొకరి చేత వేయిస్తారే, ఆ ఇంకొకరన్నమాట. నాలుగుసార్లూ అసలు అభ్యర్థి కాగితాలు శుభ్రంగా ఉన్నాయి. నాలుగుసార్లూ ఆదెప్ప ఆఖరి రోజు పోయి తనది ఉపసంహరించుకుని, బయట అసలాయనకు దండ వేసి వచ్చాడు. "ఇన్ని ఎలక్షన్లు నిలబడి ఒక్కసారీ ఓడిపోనోడు జిల్లాలో నేనొక్కడినేప్పా" అని తన మీద తానే నవ్వుకునేవాడు. లోపల మాత్రం కడుపుమంటే.

ఈసారి మంత్రిగారు భుజం మీద చెయ్యి వేసి మాటిచ్చారు. ఈ విమానాశ్రయం ఏడాదిపాటు చెడ్డపేరు లేకుండా నడిస్తే అసెంబ్లీ టికెట్ ఆదెప్పదే. ఆ చెయ్యి పడిన చొక్కాను ఆదెప్ప వారం దాకా ఉతకనివ్వలేదు.

విమానాల రూలు ఒకటుంది. దిగాల్సిన చోట వాతావరణం చెడితే ఇంకెక్కడ దిగాలో బయల్దేరేముందే కాగితం మీద రాసివ్వాలి. ఉపగ్రహం దారి చూపించే విమానమైనా సరే. పైగా ఆ రెండో చోట, ఉపగ్రహం పలకకపోయినా విమానాన్ని దించే వేరే ఏర్పాటు ఉండాలి. ఆ ఏర్పాటు ఏదని తనిఖీకొచ్చిన అధికారి అడిగితే, మంత్రిగార్ల హెలికాప్టర్లు దించడంలో చెయ్యి తిరిగిన ఆదెప్ప ఆయన్ను రన్‌వే మీదికి తీసుకుపోయి చూపించాడు. ముగ్గుపిండితో పెద్ద సున్నా గీయించి, పచ్చిగడ్డి కాల్పించి పొగ లేపించాడు. పదిమంది చేత పార్టీ జెండాలు ఊపించాడు. అధికారి ఆ పొగ వైపు చాలాసేపు చూసి, 'స్థానిక ఏర్పాట్లు కలవు' అని రాసుకుని, భోజనం ఎక్కడని అడిగాడు.

వాతావరణం కొలిచే యంత్రం రాలేదు. దాని గది మాత్రం వచ్చింది, రిబ్బన్ కూడా కత్తిరించారు. యంత్రం వచ్చేదాకా ఆదెప్పను గౌరవ ఆకాశ పరిశీలకుడిగా నియమించారు. టవర్ ఇంకా కట్టలేదు కాబట్టి, పైలట్లతో మాట్లాడే ఆఫీసరు హేమలత ఎక్కడో దూరాన బుక్కరాయసముద్రంలో అద్దె గదిలో కూర్చునేది. గంటకోసారి ఆమెకు ఫోన్ చేసి ఆకాశం ఎలా ఉందో చెప్పడం ఆదెప్ప పని. టీ బంకు రేకుల కింద కూర్చుని, తల కూడా ఎత్తకుండా "నిర్మలాకాశం మేడం" అనేవాడు. ఎనిమిది నెలల్లో ఒక్క తప్పూ రాలేదు.

చిక్కు ఇంట్లోనే వచ్చింది. భార్య చౌడమ్మ ఆరెకరాల్లో చెనిక్కాయ, అదే వేరుశనగ, వేసింది. ఊడలు నేలలోకి దిగే వేళయినా చినుకు లేదు. ఆడవాళ్లంతా కలిసి వాన కోసం రోకలికి కప్పను కట్టి, ఇంటింటా నీళ్లు పోయించుకుంటూ ఊరేగాలని తీర్మానించారు. ఆదెప్ప ఉలిక్కిపడ్డాడు. ఇన్నేళ్లూ ఆ ఊరేగింపుకు ముందు నడిచి పలక డప్పు కొట్టించినవాడే, ఈసారి 'కప్పల ఊరేగింపు అభివృద్ధి నిరోధకం' అని పత్రికలకు ప్రకటన ఇచ్చాడు. ఎన్నికలయ్యాక రెండు కప్పలను ఊరేగిద్దామని ఇంట్లో బతిమాలాడు.

"నీకు టికెట్ వచ్చేదానికి నా చేను ఎండల్లనా?" అంది చౌడమ్మ. కప్పను తన గడప ముందుకే మొదట పిలిపించి, బిందెడు నీళ్లు పోసింది.

నాలుగో రోజు పొద్దున మంత్రిగారు చిన్న విమానంలో బెంగళూరు బయల్దేరారు. రెండో చోటు కింద వజ్రకరూరు పేరే రాయించారు. బెంగళూరు మీద మబ్బు కమ్మింది. విమానం ఇటు తిరిగింది. పార్టీవాళ్లు దండలతో, బాజాలతో రన్‌వే దగ్గరికి పరుగెత్తారు. వాళ్లు చేరేసరికి ఇక్కడా కుమ్మరించడం మొదలుపెట్టింది. గడ్డి అంటుకోలేదు, ముగ్గు కొట్టుకుపోయింది. జెండాలు కర్రలకు అతుక్కుపోయాయి.

హేమలత ఫోన్ చేసింది. ఉపగ్రహం సంకేతం వచ్చి పోతా ఉందట, పైలట్ ఒక్క మాట అడుగుతున్నాడట.

"నువ్వు చెప్పిందే ఆయనకు చెప్తా, అన్నా. ఆకాశం ఎట్లుండాది?"

చుట్టూ ఉన్నవాళ్లు నిర్మలమని చెప్పు చెప్పు అని సైగలు చేస్తున్నారు. ఆదెప్ప ఎనిమిది నెలల్లో మొదటిసారి తల పైకెత్తాడు. కళ్లలో వాన నీళ్లు పడ్డాయి. టికెట్ పైన ఎగురుతోంది, మంత్రిగారూ దాంట్లోనే ఉన్నారు. అలవాటుపడిన నాలుక "నిర్మ" దాకా పోయి ఆగింది. భయం పుట్టుకొచ్చింది.

"వాన మేడం. గట్టివాన పడతాండాది. నా చెయ్యే నాకు కనపడల్యా. ఈడికి రావద్దని చెప్పు తల్లీ."

విమానం తిరుపతిలో క్షేమంగా దిగింది. ఆదెప్ప దండలు పట్టుకున్నవాళ్ల మధ్య కూలబడి, పోయింది కదప్పా అని ఏడ్చాడు. ఇంటికి పోతూ చేను దగ్గర ఆగి చూస్తే, చౌడమ్మ మోకాళ్ల దాకా బురదలో నిలబడి నవ్వుతోంది. అతనికీ నవ్వొచ్చింది.

మరునాడు పత్రికల్లో మంత్రిగారి ప్రకటన వచ్చింది. ఏడుకొండలవాడు పిలిచినందునే విమానాన్ని తిరుపతికి మళ్లించామనీ, వజ్రకరూరు ఆకాశం ఎప్పటిలాగే నిర్మలంగా ఉందనీ అందులో ఉంది.

మూడో రోజు పార్టీ ఆఫీసు గుమాస్తా తిప్పేష్ ఒక ఉత్తరం తెచ్చాడు. కరువు మండలంగా ప్రకటించిన ప్రాంతంలో వాన పడుతోందని అసత్య ప్రచారం చేసినందుకు ఆదెప్పను ఆరేళ్లపాటు సస్పెండ్ చేశారు. తల మీద గోనెసంచి కప్పుకుని, నీళ్లోడుతూ వాకిట్లో నిలబడి, ముట్టినట్టు సంతకం పెట్టమన్నాడు తిప్పేష్. ఆదెప్ప పెట్టాడు. పెట్టిన సంతకం పెట్టినట్టే కాగితం మీదినుంచి కారిపోయింది.

"ఇంగోసారి పెట్టు మామా" అన్నాడు తిప్పేష్, సంచిని కొంచెం ముందుకు లాక్కుని.