ఇరవై ఇద్దరు ఎల్లమ్మలు

సోమవారం ఉదయం అమల పెట్టుకున్న పనులు మూడే. ఐదింటికి బుచ్చయ్య పాల దుకాణంలో ఇళ్ల జాబితా సర్దడం, తొమ్మిదికి ఆయన దగ్గర ఉత్తరం తీసుకోవడం, పదకొండుకు ఇంటర్వ్యూకు వెళ్లడం.

డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ కోర్సు పూర్తిచేసి ఎనిమిది నెలలైంది. వెళ్లిన ప్రతి ఆఫీసులోనూ అనుభవం అడిగారు. ఉద్యోగం ఇస్తే కదా అనుభవం వచ్చేది అంటే నవ్వి పంపేశారు. చివరికి జహనుమా బస్తీలో పాల దుకాణం నడిపే బుచ్చయ్య జాలిపడ్డాడు. పాలు వేయించుకునే నాలుగు వందల ఇళ్ల వివరాలు ఆయన కంప్యూటర్లో ఉన్నాయి. నెల రోజులు వాటిని చూసుకుంటే, పనిచేసినట్టు ముద్ర వేసి ఉత్తరం ఇస్తానన్నాడు. ఆ నెల ఈ రోజుతో పూర్తవుతుంది. ఉత్తరం లేకుండా రావద్దని ఇంటర్వ్యూ వాళ్లు ముందే చెప్పారు.

చివరి రోజు కదా, జాబితాను అద్దంలా చేసి అప్పగిద్దామనుకుంది అమల. ఒకే పేరు పదేపదే వస్తే పొరపాటని, ఒకటి ఉంచి మిగతావి అందులో కలిపేయాలని కోర్సులో సారు చెప్పారు. జాబితాలో ఎల్లమ్మ ఇరవై రెండు సార్లు వచ్చింది. అమల ఒక ఎల్లమ్మను ఉంచి, ఇరవై ఒక్క మందిని తీసేసి, అందరి పాల పాకెట్లూ ఆమెకే కలిపింది. తన సొంత నానమ్మ పేరు ఎల్లమ్మేనని ఆ నిమిషంలో గుర్తు రాలేదు.

కొత్తగా చేరిన ఎల్లేష్ ఆ కాగితం పట్టుకుని బండి తీశాడు. ఒంటరిగా ఉండే ఒక ముసలి ఎల్లమ్మ గడప ముందు నలభై మూడు పాకెట్లు దించి వచ్చాడు.

ఏడింటికి మొదటి ఫోను అమల ఇంటి నుంచే వచ్చింది. "మనింటికి పాలు రాలే బిడ్డా. చాయ్ లేక తలకాయ్ నొస్తుంది" అంది నానమ్మ. ఏడున్నరకల్లా దుకాణం ముందు ఇరవై మంది ఆడవాళ్లు చేరారు.

"మీల ఎల్లమ్మ ఎవరమ్మా?" అన్నాడు బుచ్చయ్య. అందరూ చేయెత్తారు.

పాకెట్లు వెనక్కి తెమ్మని ఎల్లేష్‌ను తరిమాడు. అతను పెద్ద గిన్నెతో తిరిగి వచ్చాడు.

"పాకెట్లు లేవు సేటూ. ఎవరో అమ్మవారి మొక్కు తీర్చుకున్నరనుకొని ముసలామె పరమాన్నం వండేసింది."

తీసేసిన పేర్లకు బ్యాకప్ ఉందా అని బుచ్చయ్య అడిగితే అమల లేదంది. పాత వివరాల నకలు దాచుకోవడం ఎలాగో సారు చెప్పిన రోజున ఆమె క్లాసు మాని ఒక ఇంటర్వ్యూకు వెళ్లింది. చాయ్‌కి పాల కోసం వచ్చినవాళ్లు పరమాన్నం తింటూ కూర్చుంటే, ఒక్కొక్కరినీ ఇంటి నంబరు, పాకెట్లు అడిగి మళ్లీ ఎక్కించింది. ఈసారి పేరుకో అంకె తగిలించింది. నెల డబ్బులు ముందే కట్టి రోజూ ఒకటి తీసుకునే మూలమీది ఇంటి ఎల్లమ్మ రెండని చెప్పింది.

"నువ్వెప్పుడు రెండు తీసుకున్నవ్?" అన్నాడు బుచ్చయ్య.

"నమ్మకుంటే కంప్యూటర్ల చూడు అన్నా."

కంప్యూటర్లో చూడటానికి ఏమీ లేదు. రెండే రాసుకున్నారు.

పదింటికి పని ముగిసింది. అమల ఉత్తరం ఊసెత్తకుండా సంచి సర్దుకుంది. బుచ్చయ్యే కాగితం తీశాడు. "మాట ఇచ్చిన గదా, ఇస్త. గాని ఉన్నదున్నట్టు రాస్త."

అమల దాన్ని బస్సులో విప్పి చదివింది. 'ఈ అమ్మాయి నెల రోజులు నా దగ్గర పనిచేసింది. ఒక్క ఉదయంలోనే ఇరవై ఒక్క మంది ఎల్లమ్మలను మాయం చేసింది. పది గంటలకల్లా అందరినీ తిరిగి తెచ్చింది.' కింద ముద్ర మాత్రం నిక్షేపంగా ఉంది. దిగి ఇంటికి పోదామనుకుంది. అప్పటికే ఆఫీసు స్టాపు వచ్చేసింది.

ఇంటర్వ్యూ చేసే సుజన మేడం ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, ఇది నిజమేనా అని అడిగింది.

"నిజమే మేడం. బ్యాకప్ గూడ తీయలే."

"మీకంటె ముందు ఆరుగురు వచ్చిన్రు. అందరికీ అయిదేండ్ల ఎక్స్‌పీరియన్స్. ఒక్కరి చేతిల గూడ ఎన్నడు ఏది పోలేదంట" అంది మేడం. "వాళ్లను నమ్ముడెట్ల? మీరైతే ఇగ జన్మల బ్యాకప్ మర్చిపోరు. రేపట్నుంచి రండి."

మరునాడు బుచ్చయ్య తన దుకాణం గోడకు ఒక కాగితం అంటించాడు: 'జాబితా చూచుకొనుటకు మనిషి కావలెను. అనుభవం తప్పనిసరి.'