కొమ్ముల ఆఫీసరు

అడవిలో జంతువులు తమను తాము కాపాడుకోవడంలో ఘోరంగా విఫలమవుతున్నాయని గ్రహించి, పందొమ్మిదివందల ఇరవయ్యారులో సర్కారువారు అరకు కొండలకు సర్వేశ్వరరావు గారిని పంపించారు. హోదా మృగసంరక్షణ పరిశోధనాధికారి. అంతవరకు ఆయన సముద్రం ఒడ్డున ఉప్పు కొటార్ల మీద అజమాయిషీ చేసేవారు. ఆయన హయాంలో ఉప్పు ఎక్కడికీ పారిపోలేదు గనక జంతువులూ పారిపోవని పైవారికి నమ్మకం కుదిరింది.

ఆయన డోలీ దిగేసరికి దుంబిగుడలో చైత్రపండగ. పండగంటే అక్కడ వేట. మగవాళ్లంతా విల్లంబులు పట్టుకుని అడవికి పోవాలి. ఏదో ఒకటి కొట్టి, వెదురుకు కట్టి మోసుకురావాలి. దాని నెత్తురు చుక్క తగిలితే తప్ప విత్తనం మట్టిలో పడదు. ఉత్తచేతులతో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు కుమ్మరించి ఊరి బయటే నిలబెడతారు. ఆ ఏడు వేటకు పెద్ద సుక్రు. పోయినేడు పడ్డ పేడ వాసన అతన్ని ఇంకా వదల్లేదు. అతని పెళ్లాం, పేరు కనక, వదలనివ్వలేదు.

సర్వేశ్వరరావు గారు రాయి ఎక్కి ఉపన్యసించారు.

"ఓ కొండవాసులారా! మీ ప్రాచీనాచారమునందు ప్రభుత్వమువారికి అపార గౌరవము గలదు. కావున వేటకు నిరభ్యంతరముగా వెళ్లవచ్చును. అయితే జంతువును కొట్టరాదు, తరమరాదు, భయపెట్టరాదు. దూరమునుండి చూచి ఆనందింపవలెను. అతిక్రమించినవారికి ఖైదు!"

ఇంత దయగల ఉత్తర్వు విన్నా సుక్రుకు ఆనందం కలగలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కొడితే జైలు, కొట్టకపోతే పేడ. పేడ కడుక్కోవచ్చు. చల్లకుండా ఉండిపోయే సామలనూ చోళ్లనూ తలుచుకుంటే అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

"మరి గింజలెలాగ సల్లాలి బాబూ? పిల్లలేటి తింతారు?" అన్నాడు.

"అది వ్యవసాయశాఖకు సంబంధించిన ప్రశ్న" అన్నారు అధికారిగారు.

తర్వాత పరిశోధన ప్రారంభమైంది. సుక్రు ఇంట్లో తాతలనాటి కణుజుతోలు, అంటే అడవి దుప్పి తోలు ఒకటి, పెద్ద కొమ్ములతో సహా గోడకు వేలాడుతుంటే దాన్ని జప్తు చేసి, ఆయనే కప్పుకున్నారు. మృగాన్ని తెలుసుకోవాలంటే మృగంలా మసలుకోవాలన్నది ఆయన సిద్ధాంతం. అలా చేతులూ కాళ్లూ నేలకానించి పొదల్లోకి వెళ్లిపోయారు. బూట్లు మాత్రం విప్పలేదు. హోదా అన్నది ఒకటుంది కదా.

వేటగాళ్లు ఉత్తర్వు ప్రకారం చెట్టు కింద కూచుని అడవిని చూసి ఆనందించారు. మధ్యాహ్నం దాకా ఆనందించేసరికి విసుగొచ్చింది. అంతలో దగ్గర్లోని పందిగోతిలోంచి మూలుగు వినిపించింది. వంగి చూస్తే కొమ్ములు! సుక్రు గుండె గంతేసింది. కొమ్ముల కింద మీసం కనిపించేసరికి ఉసూరుమంది.

సర్వేశ్వరరావు గారికి మోకాలు చెక్కుకుపోయింది, మడమ బెణికింది. తోలు విప్పండి బాబూ అంటే ససేమిరా అన్నారు. లోపలి లాగు ముళ్లకంపలు పుచ్చుకున్నాయట. చేసేదిలేక ఆయన్నలాగే వెదురుకు కట్టి మోసుకొచ్చారు.

ఊరి పొలిమేరలో పేడకుండలు పట్టుకు నిలుచున్న ఆడవాళ్లకు ముందు కొమ్ములే కనిపించాయి. కుండలు దిగాయి, డప్పులు మోగాయి, ఒకరి నడుం ఒకరు పట్టుకుని ధింసా అందుకున్నారు. దగ్గరికొచ్చాక కనక నిలబడిపోయింది.

"ఏటి తెచ్చినావు? దీనికి జోళ్లున్నాయేటి?"

"అడివిలోనే దొరికింది" అన్నాడు సుక్రు. అందులో అబద్ధం లేదు.

తగవు గాసి అనే దిసారి ముందుకు వెళ్లింది. ఊరి మంచిచెడ్డలకు ముహూర్తం పెట్టేది ఆ ముసలాయనే. ఆయన వెదురు చుట్టూ తాపీగా తిరిగాడు.

"అడివిలో పడింది. తోలుంది, కొమ్ములున్నాయి. కర్రకి కట్టుకొచ్చినారు. మాటలాడతాదంటే అది దాని రోగం. సెల్లుతాది" అన్నాడు.

మోకాలి నెత్తురు చుక్క విత్తనాల గంపకు తాకించి, గాయానికి పసుపు అద్ది కట్టు కట్టారు. మర్నాడే విత్తనం పడింది. సుక్రు సంతోషం పట్టలేక ఆయన బూట్లకు దణ్ణం పెట్టాడు.

కొండజనం తనను మేళతాళాలతో ఊరేగించారనీ, అడవిలో కణుజులు నిక్షేపంగా ఉన్నాయనీ సర్వేశ్వరరావు గారు పైకి తెలియజేశారు. ఆ రెండో మాట నిజమో కాదో తేల్చుకోవడానికి తెల్లదొరలు తుపాకులతో వచ్చారు. వారం తిరక్కుండా నిజమేనని తేలింది. రుజువులన్నీ తలకాయలై దొరల బంగళా గోడలెక్కాయి. డప్పులు కొట్టి కణుజుల్ని తోలిపెట్టింది సుక్రు మనుషులే. కూలి అడిగితే, శాస్త్రసేవకు కూలేమిటని కోప్పడ్డారు.

మరుసటి చైత్రానికి కణుజు మాట దేవుడెరుగు, దాని అడుగుజాడ కూడా లేదు. పైవారి హృదయం ద్రవించింది. మిగిలినవాటిని కాపాడమని ఈసారి ముగ్గురు అధికారుల్ని పంపారు.

విల్లు పక్కన పడేసి దిగాలుగా కూచున్న మొగుణ్ణి కనక మోచేత్తో పొడిచి, డోలీలు దిగుతున్న ఆ ముగ్గుర్నీ చూపించింది.

"ఏల దిగులు? కణుజుల్ని సర్కారోళ్లు సంపేసినారు గానీ, ఈళ్లనెవులూ సంపరు. ఏటేటా పంపుతూనే ఉంతారు. బేగెల్లి ఆ నడిమాయన్ని తే. బలిసున్నాడు."