ఏడు లక్షణాల పియానో

ఆ శనివారం ఉదయం యెహోషువ అయ్యవారి సంకల్పం మిక్కిలి సరళమైనది. ఎనిమిది గంటలకు తోటపల్లి గూడూరులో బయలుదేరడం, తొమ్మిదిన్నరకల్లా నెల్లూరు చేరి సంఘానికి ఒక డిజిటల్ పియానో కొనడం, మధ్యాహ్న భోజనానికి ఇల్లు చేరడం. ఆయన భార్య రెబెక్కమ్మ తెల్లవారకముందే చేపల పులుసు కాచి, మూతపెట్టి, పిల్లికి భయపడి మూతమీద రాయి కూడా పెట్టింది. ముప్పైయారేళ్లు బడిలో తెలుగు పండితుడిగా పనిచేసి, ఇప్పుడు సంఘపెద్దగా ఉన్న అయ్యవారు ఏ కార్యాన్నయినా ప్రార్థనతో ఆరంభించి నిర్వచనంతో కొనసాగించేవారు. ప్రార్థన వల్ల ఆయనకు ఏనాడూ చిక్కు రాలేదు.

పియానో అవసరం ఫ్లోరాది. రొయ్యల గుంటలు సాగుచేసే బెన్హర్ కూతురు ఆమె; పదిహేడేళ్లది; ఎనిమిదేళ్లుగా ఆరాధనలో చిన్న కీబోర్డు వాయిస్తున్నది. మరో మూడు నెలల్లో చెన్నై సంగీత కళాశాలవారు ఆమెను పిలిచి, అసలు పియానో ముందు కూర్చోబెట్టి పరీక్షిస్తారు. ఆటబొమ్మలాంటి కీబోర్డు మెట్లకు, అంటే కీలకు, అలవాటుపడిన వేళ్లు అసలు మెట్ల బరువు ముందు నిలువలేవని తెలిసినవారు ముందే హెచ్చరించారు. అందువల్ల సంఘంలోని స్త్రీలు, అన్నం వండే ప్రతిసారీ పిడికెడు బియ్యం పక్కన పెట్టి, రెండేళ్లపాటు కూడబెట్టి అమ్మి, నలభై అయిదు వేలు చేశారు. ఆ మొత్తం ఇప్పుడు రెబెక్కమ్మ చేతిసంచిలో ఉన్నది. తప్పుడు వస్తువు కొంటే రెండవది కొనే శక్తి సంఘానికి లేదు. ఆ తప్పుతోనే ఫ్లోరా పరీక్షకు పోవలసి ఉంటుంది.

కాలేజీ ఒంటిగంటదాకా ఉన్నందువల్ల, అప్పటికీ బేరం ముగియకుంటే అంగడికి వస్తానని చెప్పి, ఫ్లోరా ఒక కాగితం వ్రాసి ఇచ్చింది. ఎనభై ఎనిమిది మెట్లు ఉండాలి. స్పర్శా ధ్వనీ అసలు పియానోకు దగ్గరగా ఉండాలి. బెన్హర్ వ్యాను కదిలిందో లేదో, అయ్యవారు ఆ రెండవ వాక్యం దగ్గర ఆగిపోయారు.

"అసలుదానికి దగ్గరగా ఉండాలంట. బెన్హరూ, అసలుది నువ్వు చూసినావా?"

"రొయ్యపిల్లనైతే చూడంగానే చెప్తాను అయ్యవారూ. పియానో నాకేం తెలస్తాది?"

"నేనూ చూళ్లేదు. మూలం ఎరగనివాడు నకలును ఎట్టా దిద్దుతాడు?"

"అంగడాయన చెప్తాడు గదండీ" అన్నది రెబెక్కమ్మ.

"అమ్మేవాడి మాట ప్రమాణమా? వ్యాను తిప్పు."

వ్యాను సముద్రం వైపు తిరిగింది. సరుగుడు తోపు చివర దొరల కాలపు బంగళా ఒకటి ఉంది. అందులో అసలు పియానో ఉన్నదని ఆ ప్రాంతమంతా చెప్పుకుంటారు. కావలి ఉండే ఓబయ్య తాళం తీశాడు. చీకటి హాలు నడుమ, చీమలు ఎక్కకుండా కాళ్లన్నీ నీళ్ల డబ్బాల్లో నిలిపిన నల్లని మహాకాయం కనబడింది. ముగ్గురూ ఎవరూ చెప్పకుండానే గుమ్మంలో చెప్పులు విడిచారు.

"ఇది అసలుదేనా ఓబయ్యా?"

"అట్టా అంటారేందయ్యా! దొరలు ఓడలో తెప్పించింది. నేనొచ్చి పన్నెండేండ్లు. ఆ పొద్దు ఎట్టా పలికిందో ఈ పొద్దూ అట్టానే పలకతా ఉండాది. ఒక్క ఇసుమంత మార్పు లేదు."

పన్నెండేళ్లు మార్పు లేకుండా నిలిచినదానికంటే గట్టి ప్రమాణం ఏముంటుంది? అయ్యవారు నోటుపుస్తకం తెరిచి, చూపుడువేలితో ఒక తెల్ల మెట్టును నొక్కారు. నిశ్శబ్దం. ఆయన నిరాశతో వేలు తీయబోయేంతలో, లోపలెక్కడో, సందేహం తీరిన సాక్షివలె అది పలికింది.

"చూసినావా? తొందరపడదు. ఆలోచించి మాట్లాడుతుంది!" అని ఆయన పరవశించి, మొదటి లక్షణం వ్రాసుకున్నారు.

ఆ పిమ్మట లక్షణాలు ఒకదాని వెంట ఒకటి ప్రత్యక్షమయ్యాయి. ఒక మెట్టును నొక్కితే పొరుగు మెట్లు కూడా సానుభూతితో మూలిగాయి. మెట్టు లేచేటప్పుడు కొయ్య టక్కుమన్నది. కాలికింది ఇత్తడి తొక్కుడు, ఉబ్బసమున్నవాడివలె దీర్ఘంగా నిట్టూర్చింది. ఒకే స్వరంలో రెండు గొంతులు కలహించుకున్నాయి. కొన్ని మెట్లు మౌనవ్రతం పాటించాయి. ఏడవది అన్నింటికంటె విచిత్రం: ఒక మెట్టు దిగినది దిగినట్టే ఉండిపోగా, ఓబయ్య వచ్చి గోటితో లేపాడు.

"దీన్ని మట్టుకు లేపుకోవాలయ్యా. దొరలకు అలవాటేమో."

చివరికి అయ్యవారి వేలు నడుమనున్న ఒక మెట్టుపై పడింది. అది ఒక్కటే, ఏ కలహమూ లేక, తేటగా మ్రోగింది. ఆ నాదం హాలంతా నిండి, కిటికీలు దాటి, సముద్రపు హోరులో ఎక్కడ కలిసిందో తెలియలేదు. రెబెక్కమ్మ కొంగు తలమీదికి తీసుకున్నది. బెన్హర్ ఊపిరి బిగపట్టి నిలబడ్డాడు. అది ఏడు లక్షణాల్లో దేనికిందికీ రానందువల్ల అయ్యవారు దానిని వ్రాసుకోలేదు.

నెల్లూరులో వాద్యాల అంగడి నడిపే సుకుమార్ అనే యువకుడు వారిని నేరుగా ఒక పియానో దగ్గరికి తీసుకుపోయాడు. "ఇండ్లల్లో నేర్చుకునేవాళ్లకు ఇదే బాగుంటాది సార్. ఎనభై ఎనిమిది మెట్లు, నొక్కితే అసలుదాంట్లో మాదిరే లోపల సుత్తుల బరువు తెలస్తాది. నలభైతొమ్మిది వేలు." రెబెక్కమ్మ ఒక మెట్టు నొక్కి, వికసించిన ముఖంతో, "ఎంత బాగుండాదో! నాలుగు వేలు తగ్గిస్తే అయిపోతాది" అన్నది.

అయ్యవారు కూడా నొక్కారు. తీర్పు వెంటనే వెలువడింది. "ఇది అబద్ధం."

"అబద్ధమా సార్?"

"నొక్కీ నొక్కకముందే పలికేసింది. అసలు పియానోకు ఇంత వాచాలత్వం ఉండదు. కొయ్య చప్పుడేదీ? తొక్కుడుకు నిట్టూర్పేదీ? పొరుగు మెట్లు ఊరికే ఉండాయే!"

సుకుమార్ నోరు తెరిచాడు. సుత్తి తీగను తాకడానికి పట్టే క్షణం, మెట్టు లేచే చప్పుడు, పక్క తీగల ప్రతిధ్వని: మహా సభల్లో వాయించే పియానోల్లో ఇటువంటి సూక్ష్మాలు ఉంటాయని అతడు కంపెనీ శిక్షణలో విన్నాడు. వాటిని అడిగే మనిషిని ఆరేళ్లలో చూడలేదు. చెన్నైలోని కంపెనీ మేస్త్రికి ఫోను చేసి, అందరికీ వినబడేట్టు పెట్టాడు. నలభై ఏళ్లు అసలు పియానోలు శ్రుతిచేసిన ఆ వృద్ధుడి మాట కంపెనీకి శాసనం.

"సుత్తి ఆలస్యం అడిగినారా? ఎవరప్పా ఆయన?" అన్నాడు మేస్త్రి.

"తెలీదు సార్. పంచె కట్టుకోనుండారు. పుస్తకం చూసి అడగతా ఉండారు."

"పుస్తకమా! లోపల హోటలు వాళ్లు వద్దన్న పెద్దది ఉందే, దాన్ని తియ్యి. ఆయన చెప్పినట్టు అన్నీ మార్చిపెట్టు."

రెండు లక్షల విలువైన ఆ పియానో మీద దుప్పటి తొలగింది. అయ్యవారు లక్షణాలు చదువుతుంటే, సుకుమార్ ఒక్కొక్క బొత్తాం తిప్పాడు. ధ్వనికి ఆలస్యం వచ్చింది, పొరుగు మెట్లు మూలిగాయి, కొయ్య టక్కుమన్నది, తొక్కుడు నిట్టూర్చింది. స్వరాలను రెండుగా చీల్చి జగడం పెట్టాడు. కొన్ని మెట్ల నోరు మూయించాడు. ఏడవ లక్షణం దగ్గర మాత్రం చేతులెత్తి, "గోటితో లేపే మెట్టు ఏ కంపెనీకీ చేతకాలేదు సార్" అని సిగ్గుపడ్డాడు.

"ఆరు చాలు. మనుషుల పని గదా" అని అయ్యవారు క్షమించారు.

ఈలోగా అంగడి నిండింది. చెప్పుల అంగడివారు, బ్యాండుమేళంవారు, దారినపోయేవారు గుమిగూడి, పియానో విద్వాంసులు వచ్చారని గుసగుసలాడారు. సుకుమార్ రెండవ ఫోనుతో వీడియో తీసి, మొదటి పియానో అబద్ధమని ఆయనచేత మళ్లీ చెప్పించి, ఊరంతటికీ పంపాడు.

"ఒక్క పాట వాయించండి సార్" అని ఎవరో అడిగారు.

"నేను వాయించను" అన్నారు అయ్యవారు, ఉన్నమాటగా.

"గొప్పోళ్లు ఊరికే వాయిస్తారా?" అని బ్యాండు మేస్త్రి అడిగినవాడిని కసిరాడు.

అంతా ఫోనులో వింటూనే ఉన్న చెన్నై వృద్ధుడు కలగజేసుకున్నాడు. "సుకుమార్, ఇట్లాంటి చెవి నలభై ఏండ్లలో నేను చూడలేదు. వారి దగ్గర ఎంతుంటే అంతకు ఆ పెద్దదాన్ని ఇచ్చెయ్. కంపెనీకి నేను చెప్పుకుంటా."

బెన్హర్ కళ్లు తుడుచుకున్నాడు. సరిగ్గా అప్పుడు ఫ్లోరా వచ్చింది. జనాన్ని చూసి జంకి, పెద్ద పియానోను చూసి మురిసి, కూర్చొని ఒక కీర్తన ఎత్తుకున్నది. మొదటి పాదం ఆలస్యంగా బయలుదేరింది. రెండవ పాదంలో సగం రాలేదు. మూడవ పాదం తనతో తానే పోట్లాడింది. ఫ్లోరా చేతులు వెనక్కి తీసుకున్నది.

"ఇదేంది తాతయ్యా? దీన్ని ఏట్లో ముంచి తీసినారా? దీని మీద నేర్చుకుంటే నేను పరీక్షలో వాయించినట్టే!"

"సార్ చెప్పినట్టే పెట్టినా పాపా" అన్నాడు సుకుమార్ బిక్కమొహంతో.

అందరూ అయ్యవారి వైపు తిరిగారు. బెన్హర్ ఆయన చెవిలో, "మాట్లాడబాకండి అయ్యవారూ. బొత్తాలు వెనక్కి తిప్పితే సరిపోతాది. రెండు లక్షలది! నా బిడ్డ బతుకు" అన్నాడు. ఆ మాట నిజం. మౌనంగా ఉంటే చాలు. విద్వాంసుడికి ఇచ్చిన వస్తువు ఫ్లోరాకు దక్కుతుంది. అయ్యవారు ఆ బిడ్డ ముఖం చూశారు, నోటుపుస్తకం మూశారు.

"నాయనలారా, నేను పియానో ఎరిగినవాడను కాను. నా జీవితంలో అసలు పియానోను ఒక్కదాన్నే ముట్టుకున్నాను. అదీ ఈ ఉదయం తొమ్మిది గంటలకు."

"ఎంత వినయమో!" అని బ్యాండు మేస్త్రి చేతులు జోడించాడు.

ఫోను మాత్రం మోసపోలేదు. "ఆ ఒక్కటి ఎక్కడ ఉంది సార్?"

"సముద్రపు ఒడ్డున. నీళ్ల డబ్బాల్లో."

ఆ మాటతో చెన్నైలో నవ్వు మొదలయి, దగ్గుగా మారి, మళ్లీ నవ్వయింది. "తీగలకు తుప్పు, సుత్తులకు చెమ్మ, కొయ్యకు ఉబ్బు! ఆ పుస్తకంలో ఉండేది పోస్టుమార్టం రిపోర్టు సార్! ఇంత వివరంగా ఏ డాక్టరూ రాయడు. అయితే, మరి, ఆ ధర సంగతి..."

"ఆ ధర విద్వాంసుడికి ఇచ్చినది. ఆయన ఇక్కడ లేడు" అన్నారు అయ్యవారు.

బెన్హర్ తల దించుకున్నాడు. ఫ్లోరా లేచి, ఎవరూ పట్టించుకోక మూలనున్న మొదటి పియానో దగ్గరికి పోయి, ఎడమ కొసన ఒక మెట్టును, కుడి కొసన ఒక మెట్టును నొక్కి, వాటి బరువులు వేళ్లతో తూచుకున్నది. తరువాత అదే కీర్తన మళ్లీ ఎత్తుకున్నది.

ఆ క్షణాన్ని వర్ణించడానికి అయ్యవారికి అలంకారం దొరకలేదు. మెల్లగా తాకితే మెల్లగా, గట్టిగా తాకితే గంభీరంగా, ఆ పిల్ల మనసులో ఉన్నది ఉన్నట్టుగా బయటికి వచ్చింది. ఉదయం బంగళాలో ఒక్కటిగా మ్రోగిన ఆ తేటనాదానికి ఇక్కడ ఎనభై ఎనిమిదిమంది తోబుట్టువులు ఉన్నట్టు ఆయనకు తోచింది. బేరం చేస్తున్న చెప్పుల అంగడివాడు చేతిలో చెప్పుతోనే నిలిచిపోయాడు. బజారులో ఒక ఆటో హారను మ్రోగితే పదిమంది ఒక్కసారి "ష్" అన్నారు. పాట ముగిసింది.

"ఎవరమ్మా అది? ఏ పియానో?" అన్నది ఫోను, చాలా మెల్లగా.

"నలభైతొమ్మిది వేలదండీ" అన్నది ఫ్లోరా. "మెట్లు లోతుగా దిగతా ఉండాయి. ఎంత నొక్కితే అంతే పలకతా ఉండాది. నాకు ఇదే చాలు."

"చాలు తల్లీ. నీ చేతులకు అదే సరైంది. పరీక్షనాడు భయపడాల్సింది నువ్వు కాదు, పియానో."

అయితే తక్కువపడిన నాలుగు వేలు ఎటునుంచీ రాలేదు. ఆ చిక్కు సుకుమారే విప్పాడు, ఏడుపు గొంతుతో. "సార్, మీరు దీన్ని అబద్ధమన్న వీడియో ఊరంతా తిరగతా ఉండాది. ఇప్పటికే ముగ్గురు ఫోన్ చేసి, ఆ అబద్ధపు పియానో మాకొద్దన్నారు. దీన్ని ఇంకెవరు కొంటారు?"

"అయ్యో! ఇప్పుడే ఇంకో వీడియో తియ్యి నాయనా. నా అజ్ఞానాన్ని నేనే ఖండిస్తాను" అని అయ్యవారు ఉత్తరీయం సవరించుకున్నారు.

"కాసేపు ఊరుకోండి" అని రెబెక్కమ్మ సంచి విప్పింది. "అబ్బయ్యా, ఎవురూ కొనరంటివి గదా. మా దగ్గరుండే నలభై అయిదుకు మాకియ్యి. ఆ తర్వాత ఈయన ఎన్ని వీడియోలు కావాలంటే అన్నింట్లో చెంపలేసుకుంటారు."

సుకుమార్ ఇచ్చాడు. అయ్యవారు పియానో పక్కన నిలబడి, తన పొరపాటునూ ఆ వాద్యపు సత్యాన్నీ పావుగంటసేపు దీర్ఘసమాసాలతో ప్రకటించారు. వారం తిరగకముందే ఆ వీడియో చూసి వచ్చినవారు అదే రకం పియానోలు మూడు కొనుక్కుపోయారు. ఫ్లోరా మాత్రం ఆ సాయంత్రం వ్యాను వెనుక, పెట్టెమీద చేయి తీయకుండా కూర్చొని ఇల్లు చేరింది.

మరుసటి నెలలో సంఘానికి కొత్త మైకు కొనవలసి వచ్చినప్పుడు, యెహోషువ అయ్యవారి అధ్యక్షతన పెద్దలు ఏకగ్రీవంగా తీర్మానించారు: ఫ్లోరా వెళ్లి కొనవలెను, పెద్దలు ఇంటివద్దనే ఉండి ప్రార్థించవలెను.