పళ్ళ డాక్టరుగారి పసుపు దీపం

ఆ రోజు పొద్దున పళ్ళ డాక్టరు వేసుకున్న లెక్క చాలా తేలిక. తొమ్మిదికి ఒక పేషెంటుకి జ్ఞానదంతం పీకడం, పదింటికి భార్యని కారులో డ్రైవింగ్ పరీక్షకి తీసుకెళ్ళడం, ఒంటిగంటకల్లా ఇంటికొచ్చి భోంచేసి కాసేపు నడుం వాల్చడం. మేడ మీద కాపురం, కింద క్లినిక్కు, పక్కనే కారు షెడ్డు. అన్నీ చేతికందే దూరంలోనే ఉన్నాయి, ఇక చిక్కేముంటుందనుకున్నాడు.

ఆమెకిది మూడో పరీక్ష. మొదటి రెండుసార్లూ ఆయన పక్కన కూచుని, దారి పొడుగునా పాఠం చెప్పాడు. పరీక్ష మైదానం చేరేసరికి ఆమెకి క్లచ్చేదో బ్రేకేదో తెలియకుండా పోయింది.

తొమ్మిదికి పేషెంటు వచ్చాడు. గుబురు మీసాలు, చేతిలో బరువైన సంచీ, దవడకి చుట్టిన తువ్వాలు. డాక్టరు ఇంజెక్షనిచ్చి, మెడకి గుడ్డ కట్టి, "పది నిమిషాలు కదలకండి. మొద్దుబారాలి" అన్నాడు.

అంతలో షెడ్డులోంచి భార్య కేక. "ఏమండీ! ఇక్కడ ఇంజను బొమ్మ వెలుగుతోంది!"

వెళ్ళి చూస్తే నిజమే. స్టీరింగు వెనక బుల్లి పసుపు దీపం. ఇంజను ఆపి మళ్ళీ తాళం తిప్పాడు. వెలిగింది. అద్దం మీద తట్టాడు. వెలుగుతూనే ఉంది.

"ఇది వెలుగుతుంటే ఇన్‌స్పెక్టరు గేటు దాటనివ్వడు. పోయినసారి మన ముందువాళ్ళని వెనక్కి పంపాడు కదా" అంది ఆమె, ఏడుపొక్కటే తక్కువగా.

డాక్టరు కారు షాపుకి ఫోన్ చేశాడు. "ఏ దీపం ఎందుకు వెలిగిందో చెప్పే డబ్బా ఒకటుందండీ. అది మా మెకానిక్కు సంచిలో ఉంది. ఆయనేమో పొద్దున్నే పంటి డాక్టరు దగ్గరికెళ్ళాడు" అన్నారు అవతలివాళ్ళు.

"ఎప్పుడొస్తాడు?"

"ఆ డాక్టరు వదిలినప్పుడు!"

డాక్టరు ఫోన్ పెట్టేసి పళ్ళు నూరాడు. "ఎవడో పనికిమాలిన డాక్టరు! మనిషిని కుర్చీలో పడేసి ఎటో పోయుంటాడు. కొంతమందికి ఎదుటివాళ్ళ టైమంటే లెక్కే లేదు."

అప్పటికి మామగారు మెట్లు దిగి వచ్చారు. ముప్ఫై ఏడేళ్ళు రైలింజను నడిపి రిటైరైన మనిషి. కారు నడపడం మాత్రం రాదు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే ఆయనకి నచ్చదు. "ఇంజనంటే ఇంజనే, అల్లుడుగారూ! బ్యాటరీ వైరు ఊడదీసి, వంద లెక్కపెట్టి, మళ్ళీ తగిలించండి. మరిచిపోతుంది."

"ఏం మరిచిపోతుంది?"

"దాని బాధ."

ఊడదీశారు. మామగారు డెబ్బై ఆరు దగ్గర లెక్క తప్పి మళ్ళీ మొదలెట్టారు. తిరిగి తగిలించగానే కారు తలుపులు నాలుగూ టకటకా మూసుకున్నాయి, తాళంచెవి లోపలే ఉండిపోయింది. ఆ వెంటనే దొంగల అలారం వీధి చివరిదాకా వినబడేలా కూసింది.

ఆ కూతకి పేషెంటు మెడలో గుడ్డతో పరుగెత్తుకొచ్చాడు. బ్యాటరీ వంక చూసి రెండు చేతులూ ఊపుతూ "ఊఁ! మూఁ! హావ్!" అన్నాడు.

"నొప్పి తగ్గలేదా? మందు సరిపోయినట్టు లేదు" అని డాక్టరు ఆయన్ని రెక్కపట్టుకుని లోపలికి లాక్కెళ్ళి, రెండో ఇంజెక్షను పొడిచి, ఒక్క పరుగున షెడ్డుకొచ్చాడు. వెనకాలే పేషెంటూ వచ్చాడు. ఈసారి "ఊఁ" కూడా లేదు. మూతి ఒక పక్కకి జారింది. చేత్తో కారునీ, తననీ, క్లినిక్కునీ మార్చిమార్చి చూపిస్తున్నాడు.

మామగారు గుండెమీద చెయ్యేసుకున్నారు. "అయ్యో, పక్షవాతం! మూతి చూడండి!" అంటూ అంబులెన్సుకి ఫోన్ చేసేశారు.

అది అయిదు నిమిషాల్లో వచ్చింది. ఇప్పుడు రెండు కూతలు. స్ట్రెచరుతో ఇద్దరు దిగి "పేషెంటెవరు?" అని అరిచారు. మామగారు చూపించారు. పేషెంటు వాళ్ళ చేతుల కిందుగా దూరి క్లినిక్కులోకి పారిపోయాడు. "పట్టుకోండి! మతి కూడా పోయినట్టుంది!" అని మామగారు వెంటపడ్డారు. డాక్టరు మామగారి వెంటపడ్డాడు. స్ట్రెచరు వాళ్ళిద్దరి వెంటా పడింది.

అందరూ గుమ్మంలో ఇరుక్కుని చూసేసరికి, పేషెంటు సంచీ విప్పి, వైరు వేలాడుతున్న నల్లటి డబ్బా ఒకటి తీసి తలపైకెత్తి పట్టుకున్నాడు.

డాక్టరు నోరు తెరిచాడు. "అంటే... మీరు... ఆ పనికిమాలిన డాక్టరంటే..."

మెకానిక్కు నిదానంగా తలూపాడు.

భార్య చడీచప్పుడూ లేకుండా మేడెక్కి మారుతాళం తెచ్చింది. "అది ఉందని ఇందాకే చెప్పచ్చుగా!" అన్నాడు డాక్టరు. "నన్నెవరైనా మాట్లాడనిచ్చారా?" అందామె. అలారం ఆగింది. అంబులెన్సు వాళ్ళు తిట్టుకుంటూ వెళ్ళిపోయారు.

మెకానిక్కు డబ్బా తగిలించి చూశాడు. ఇంజను కింద చెయ్యిపెట్టి తడిమాడు. తర్వాత మందుల చీటీల పుస్తకం అడిగి, దానిమీద రాశాడు: "కారణం: పళ్ళు."

"పాపం, తన బాధే చెప్పుకుంటున్నాడు" అన్నారు మామగారు.

మెకానిక్కు ఒక సన్నటి వైరు పైకి లాగి డాక్టరు ముక్కు ముందు పెట్టాడు. రెండు ముందుపళ్ళ గాట్లు, పక్కపక్కన, ముద్దొచ్చేంత శుభ్రంగా ఉన్నాయి. ఎలుక! ఇరవై రెండేళ్ళుగా పళ్ళే చూస్తున్న మనిషి ఆ గాట్లని చూసి తల దించుకున్నాడు. మెకానిక్కు వైరు అతికించి, టేపు చుట్టి, డబ్బా మీద ఒక్కసారి నొక్కగానే దీపం ఆరిపోయింది.

పది దాటి అయిదు నిమిషాలైంది. క్లినిక్కులో మరో ఇద్దరు దవడలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. డాక్టరు కదిలే వీల్లేదు. మామగారికి లైసెన్సు లేదు. మెకానిక్కు పన్ను సంగతి తర్వాతన్నట్టు చెయ్యి ఊపి, తనవైపు వేలు చూపించుకుని, డ్రైవరు పక్క సీట్లో ఎక్కి కూచున్నాడు.

"చూడు, మలుపు దగ్గర రెండో గేరు! అద్దం చూసుకో! బ్రేకు మీద..." అని డాక్టరు కిటికీ దగ్గర వంగి మొదలెట్టాడు. ఆమె కిటికీ అద్దం పైకెత్తి బండి పోనిచ్చింది.

పన్నెండున్నరకి కారు నెమ్మదిగా వచ్చి, షెడ్డులో గీత గీసినట్టు ఆగింది. ఆమె చేతిలో కాగితం. పాసు!

"రెండుసార్లు పోయింది, ఇప్పుడెలా వచ్చింది?" అన్నాడు డాక్టరు నమ్మలేక.

"ఏమోనండీ. దారిలో పక్కనాయన ఒక్క మాటంటే ఒక్క మాట మాట్లాడలేదు. బండి దానంతటదే వెళ్ళినట్టుంది" అందామె, మెకానిక్కుకి రెండు చేతులూ జోడిస్తూ.

ఆ ఆదివారం బంధువులింటికి కారు ఆమే నడిపింది. ముందు సీట్లో సంచులు పెట్టారు, డాక్టరుగారిని వెనక కూర్చోబెట్టారు.