మూడు ఎర్ర చుక్కల ముఠా

“నాందేడ్‌ల నేరం జేసెటోడు ఎవడన్న హాయిగ నిద్రపోతుండంటే, వాడింక నా పేరు ఇనలేదన్నట్టు!” అని ప్రకటించాడు దిగంబర్. గొడుగులు బాగుచేసుకునే ఈ అపరాధ పరిశోధకుడు ఇంతవరకు ఛేదించిన కేసు ఒక్కటే: పోయిన తన చెప్పులు తన కాళ్లకే దొరికాయి. మిత్రుడు నాగనాథ్ నిట్టూర్చాడు. కడుపులో ఆకలి, ఎదురుగా ఈ మనిషి!

కేసు సంగవ్వది. బస్టాండు వెనక ఆమె నడిపే చిన్న భోజన హోటల్లో, గల్లాపెట్టె పక్కన దసరా నాడు క్యూఆర్ కోడ్ అట్ట పెట్టారు. తిన్నవాళ్లు దానికి ఫోన్ చూపించి రివ్యూ రాయాలి. నెలయినా ఒక్కటీ పడలేదు. ఈరోజు రెండింటిలోగా పది రివ్యూలు కనిపిస్తేనే నలభై మంది పిల్లల భోజనాల ఆర్డరు ఆమెకిస్తానని కోచింగ్ క్లాసు వినాయక్ సార్ చెప్పేశాడు. ఆయన మూడేళ్లుగా రోజూ తినేది ఇక్కడే. అయినా తన నాలుక మీద నమ్మకం లేదు పాపం, ఫోన్ చెప్పాలి.

“గా పిల్లలు రాకుంటె నేను తాళం ఏసుకునుడే బిడ్డా,” అంది సంగవ్వ. నాగనాథ్‌కి మనసు చివుక్కుమంది.

దిగంబర్ భూతద్దం తీసి అట్ట మీదికి వంగాడు. “ఆఁ! మూడు మూలలకు మూడు ఎర్ర చుక్కలు! ఎండిన నెత్తురు! ఇది అట్ట గాదు, మృత్యుపత్రం!”

“నీ మొకం!” అంది సంగవ్వ. “కుంకుమరా అది. పండుగకు గ్రైండర్‌కు పెట్టిన, గల్లకు పెట్టిన, దీనికీ పెట్టిన. బొట్టు పెట్టుమన్నట్టే మూడు మూలలకు మూడు డబ్బలున్నయ్ గద!”

“చూసినవా నాగనాథ్? ముఠావోళ్లు అవ్వను బెదిరించిండ్రు. అబద్ధం జెప్తుంది.”

రెండుకి పది నిమిషాలుంది. దిగంబర్ సాక్ష్యానికి ఫోటో తీద్దామని ఫోన్ పైకెత్తాడు. “హంతకుడు గిట్ల అచ్చిండు, గిట్ల తిరిగిండు...”

“సచ్చిందెవరు?” అడిగాడు నాగనాథ్.

“గది తర్వాత తేలుతది!” అంటూ గిర్రున తిరిగేసరికి మోచెయ్యి తగిలి, పక్క బల్ల దగ్గర వినాయక్ సార్ చేతిలోని మజ్జిగ గ్లాసు ఎగిరి అట్ట మీద బోర్లా పడింది. సంగవ్వ తిట్టుకుంటూ తడిగుడ్డతో తుడిచింది. మజ్జిగతో పాటు కుంకుమా పోయింది.

ఇంకా అట్ట వైపే ఎత్తి పట్టుకున్న దిగంబర్ ఫోన్ టింగుమంది. తెర మీద రివ్యూ పేజీ, దాంట్లో అయిదు స్టార్లు వరసగా వచ్చి నిలబడ్డాయి.

“తెరుసుకుంది!” అని అరిచాడు నాగనాథ్. “బొట్లే అడ్డమున్నయ్! అందరు లేవుండ్రి, రాయుండ్రి!”

తింటున్నవాళ్లు కుడిచెయ్యి గాల్లో పెట్టుకుని ఎడమచేత్తో రాశారు. రెండు కొట్టేసరికి పన్నెండు రివ్యూలు.

నాలుగో జొన్నరొట్టె నములుతున్న వినాయక్ సార్ ఫోన్ చూసి కనుబొమలెత్తాడు. “అరె సంగవ్వా, నీ దగ్గర రొట్టె మస్తుంటదంట! ఎల్లుండి నుంచి పిల్లల్ని పంపిస్త.”

సంగవ్వ కళ్లు తుడుచుకుంది. సంతోషం పట్టలేక కుంకుమ భరిణె తీసి మళ్లీ అట్ట వైపు నడిచింది. “ముఠా గుట్టు రట్టయింది!” అని దిగంబర్ ఛాతీ విరుచుకున్నాడు.

నాగనాథ్ గభాల్న ఆమె చెయ్యి పట్టుకుని దిగంబర్ నుదుటి వైపు తిప్పాడు.

“గీడ పెట్టవ్వా. ఇది పనిజెయ్యకున్నా నష్టం లేదు.”