రాకుమారి కాలివేలు

ఆ ఉదయం ఆపరేటర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు, రాక్షసుడి శాపం తగిలి రాయైపోయే రాకుమారి జానపద కథను మూకీ చిత్రంగా వెయ్యాలి, జనం కంటతడి పెట్టాలి, అది చూసి, హాలు మూయించడానికి వస్తున్న అధికారి మనసు కరగాలి. లేకపోతే రేపటి నుంచి ఆ చిన్న హాలు పాత ఫైళ్ళ గది అయిపోతుంది. ఇరవై ఏళ్ళుగా చేత్తో తిప్పుతున్న ప్రొజెక్టరు తుక్కులోకి పోతుంది.

జనం కోసం బధిరుల సంఘాన్ని పిలిచాడు.

"మాటల్లేని సినిమా. వాళ్ళ కోసమే తీసినట్టుంటుంది," అన్నాడు.

"బాగానే ఉంది బావా. మరి నేను పియానో ఎవరి కోసం వాయించాలి?" అన్నాడు బావమరిది.

"అధికారి కోసం. ఏడుపు రాగం అందుకో."

రాకుమారుడు గుర్రం దిగగానే హాల్లో కిసుక్కుమని నవ్వు. బొమ్మ మసకగా ఉందేమోనని ఆపరేటర్ సరిచేశాడు. నవ్వు పెరిగింది. వీడ్కోలు ఘట్టం వచ్చింది. కన్నీళ్ళతో రాకుమారి పెదవులు కదిలాయి. వెంటనే తెర మీద "నాథా, ఇక సెలవు" అన్న అక్షరాలు. ఈ చోట ఏడవకుండా ఉండటం ఆపరేటర్‌కే ఎన్నడూ చేతకాలేదు. జనం మాత్రం నవ్వలేక కుర్చీల్లోంచి జారిపోతున్నారు.

వేగం ఎక్కువై మనుషులు గెంతుతున్నట్టు కనిపిస్తున్నారేమోనని పిడి నెమ్మదిగా తిప్పాడు. నవ్వు రెట్టింపయింది. దిక్కుతోచక రీలు వెనక్కి చుట్టి ఆ ఘట్టం మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఆమె నోరు తెరవకముందే చప్పట్లు. ముందు వరసలో అధికారి రుమాలులో మొహం దాచుకున్నాడు.

"మన పని అయిపోయింది బావా. ఆయన తల కూడా ఎత్తట్లేదు," అన్నాడు బావమరిది, వాయిస్తూనే.

ఆపరేటర్ దీపాలు వేసి, చెమట తుడుచుకుంటూ ముందుకు వెళ్ళాడు. "క్షమించండి సార్. రీలులో ఏదో లోపం..."

అధికారి పక్కన సంఘం కార్యదర్శి కూర్చుని ఉంది. ఆ సంఘంలో చెవులు వినిపించేది ఆమె ఒక్కదానికే.

"లోపం రీలులో లేదన్నయ్యా," అంది. "మావాళ్ళు పెదవులు చూసి మాటలు పట్టేస్తారు. ఆ అమ్మాయి 'నా కాలు మీంచి దిగవయ్యా, వేలు నలిగిపోతోంది' అంటోంది. అతనేమో 'భోజనం బండి వచ్చిందా?' అంటున్నాడు. మీరు నెమ్మదిగా తిప్పారు చూడండి, అప్పుడింకా బాగా తెలిసింది. వీళ్ళు సైగ చేసిందల్లా సారుకి మొదట్నుంచీ నేను చెబుతూనే ఉన్నా."

"దీపాలెందుకు వేశావయ్యా?" అధికారి కళ్ళు తుడుచుకున్నాడు. "రాక్షసుడేదో అనబోతున్నాడు. కానివ్వు."

ఆపరేటర్ పరుగున వెళ్ళి దీపాలార్పి మళ్ళీ పిడి అందుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా తను ఏడ్చింది ఒక కాలివేలి కోసమని తెలిసినా, ఆ కన్నీళ్ళు వృథా పోయాయనిపించలేదు. పాపం, ఆమెకు నిజంగానే నొప్పి పుట్టింది మరి.

హాలు నిలిచింది. మర్నాడు అందిన నివేదికలో ఒకటే వాక్యం ఉంది: "చిత్రం మూకీ, సంభాషణలు చాలా బాగున్నాయి."