మూడో పార్టీకి టెండరు

సంపాదకులు గారికీ, ఈ పేపరు చదివే పెద్దలకీ నమస్కారం. నేను అక్షరాలు దిద్దుకున్నది మా ఆయన పోయాక, నెత్తి నెరిశాక. ఒత్తులు పడవలసిన చోట పడకపోతే మన్నించండి. ఒక్కో వాక్యానికి ఒక్కో పూట పడుతోంది. అందుకే ఎన్నికల కబురు ఎన్నికలు అయిపోయాక పంపుతున్నాను. మన మంత్రిగారి గురించి గిట్టనివాళ్ళు ఏవేవో రాస్తున్నారు. ఆయన మంచితనం దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి ఊరుకోలేకపోయాను.

మా ఊళ్ళో రెండే పార్టీలు. ఒకటి తాళం పార్టీ, రెండోది తాళంచెవి పార్టీ. రెండు ఆఫీసులూ ఒకే రోడ్డులో ఎదురెదురుగా ఉంటాయి. సరిగ్గా రోడ్డు మధ్యలో మా రేకుల షెడ్డు. ముందు సగం ఇస్త్రీ కొట్టు, వెనక సగం నేనూ మా ఆడపడుచూ ఉండే ఇల్లు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు చుట్టూ అన్నీ కొట్టేశారు గానీ మా షెడ్డు జోలికి ఎవరూ రాలేదు. రెండు పార్టీల కండువాలూ నేనే ఇస్త్రీ చేస్తాను మరి. నలిగిన కండువాతో మాట ఇస్తే జనం నమ్మరని రెండు వైపుల వాళ్ళకీ గట్టి నమ్మకం.

మంత్రిగారిది తాళం పార్టీ. తాళంచెవి పార్టీ అధ్యక్షుడు ఆయనకి స్వయానా వియ్యంకుడు.

ఒకరోజు పొద్దున్నే మంత్రిగారు తమ ఆఫీసు మెట్ల మీద విలేకరులను పిలిచి చరిత్రాత్మకమైన ప్రకటన చేశారు. నేను ఆయన చొక్కాయే ఇస్త్రీ చేస్తూ విన్నాను.

“సర్వే చేయించాం. మీది ఏ పార్టీ అని అడిగితే సగం మంది ‘ఏదీ కాదు’ అన్నారు. ఇంతమంది ఓటర్లు నిలువ నీడ లేకుండా తిరుగుతుంటే నాకు ముద్ద దిగలేదు. అందుకని ప్రభుత్వమే ప్రజలకి మూడో పార్టీ కట్టించి ఇస్తుంది. టెండర్లు పిలుస్తున్నాం.”

“మూడో పార్టీ వస్తే మీకు పోటీ కాదా సార్?” అన్నాడు ఒక విలేకరి.

“పోటీ రాకూడదని నిబంధనల్లోనే పెట్టించాం.”

“దానికి బదులు మీ పార్టీనే బాగు చేసుకోవచ్చు కదా?”

“బాబూ, పాత ఇల్లు మరమ్మతు కంటే కొత్తది కట్టడమే చవక. ఏ ఇంజనీరునైనా అడుగు.”

మా ఆడపడుచు చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. “విన్నావా వదినా, మనం ఏదీ కాదన్నామని పాపం ఆయనకి ముద్ద దిగలేదట.”

“దిగకపోతే ఈ చొక్కాకి పొట్ట దగ్గర బొత్తాలు ఎందుకు తెగుతాయే,” అన్నాను. అనకూడదు. నోరు జారింది.

టెండరుకి రెండే దరఖాస్తులు వచ్చాయి. ఒకటి తాళం పార్టీది, ఒకటి తాళంచెవి పార్టీది. మంత్రిగారు ధర్మసంకటంలో పడ్డారు. సొంత పార్టీకి ఇస్తే పక్షపాతం, వియ్యంకుడికి ఇస్తే బంధుప్రీతి. చివరికి ఏ మచ్చా రాకుండా ఇద్దరికీ కలిపి ఇచ్చేశారు. కట్టడం పూర్తయ్యాక అయిదేళ్ళ మెయింటెనెన్సు కూడా వాళ్ళకే అప్పగించారు. ఇంత ముందుచూపు ఉన్న నాయకుడిని నేను ఎరగను.

ఇక అధ్యక్షుడు కావాలి. ఏ పార్టీ వాసనా తగలని మనిషై ఉండాలి. ఊరంతా గాలించారు. ఒకడు ఎటూ కాదనుకుంటే వాడి బావమరిది తాళం. ఇంకొకడు శుద్ధమే అనుకుంటే వాడి మామగారు తాళంచెవి. తిరిగి తిరిగి ఒక మధ్యాహ్నం వియ్యంకులిద్దరూ మా షెడ్డులోకి వచ్చారు. వెనకాలే మంత్రిగారి సెక్రటరీ.

“అమ్మా, నువ్వు ఎవరి మనిషివి?” అన్నారు మంత్రిగారు.

“మా ఆయన మనిషిని బాబూ. ఆయన పోయారు.”

“అది కాదు. ఓటు ఎవరికి వేస్తావు?”

“ఒకసారి మీకు వేశాను. ఒకసారి వారికి వేశాను. ఎవరికి వేసినా కుళాయి రాలేదు. పోయినసారి ఇంట్లోనే పడుకున్నాను.”

వియ్యంకుడుగారు మంత్రిగారి చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. “బావగారూ, ఇంత అచ్చమైన సరుకు మళ్ళీ దొరకదు.”

“నాకు పార్టీలూ అవీ వద్దు బాబూ. తల దాచుకోవడానికి ఈ షెడ్డు, పొట్టకి ఈ ఇస్త్రీపెట్టె ఉంటే చాలు.”

“పిచ్చిదానా,” అన్నారు మంత్రిగారు ఆప్యాయంగా. “ఇక ఇది షెడ్డు కాదు, మూడో పార్టీ కేంద్ర కార్యాలయం. అది ఇస్త్రీపెట్టె కాదు, పార్టీ గుర్తు. ఇప్పుడు వాటి మీద చెయ్యి వేసే మగాడెవడు?”

ఆ మాటతో నాకు కొండంత ధైర్యం వచ్చింది. సాయంత్రానికి షెడ్డు మీద బోర్డు ఎక్కింది. మా ఆయన కొన్న బొగ్గుల ఇస్త్రీపెట్టెకి ఫొటో తీశారు. పక్కన నన్ను కూడా నిలబెట్టారు గానీ, గుర్తు కనబడటం లేదని తర్వాత పక్కకి జరగమన్నారు.

మ్యానిఫెస్టో కూడా మా షెడ్డులోనే తయారైంది. మూడో పార్టీ ఆ రెండు పార్టీల్లా ఉండకూడదని నిబంధన.

“తాళం పార్టీ రోడ్లు వేస్తామంది. కాబట్టి రోడ్లు కొట్టెయ్,” అన్నారు వియ్యంకుడుగారు. సెక్రటరీ కొట్టేశాడు.

“తాళంచెవి పార్టీ నీళ్ళు ఇస్తామంది. నీళ్ళు కొట్టెయ్,” అన్నారు మంత్రిగారు.

“కుళాయి ఒక్కటి ఉంచండి బాబూ,” అన్నాను.

“అధ్యక్షురాలివై ఉండి కాపీ కొట్టమంటావా? పరువు పోదూ?”

బడి, ఆసుపత్రి, వీధి దీపాలు, అన్నీ ఎవరో ఒకరు ఎప్పుడో చేస్తామన్నవే. అన్నీ పోయాక పైన ‘ఓటరు మహాశయులకు నమస్కారం’ మిగిలింది. అది కూడా ఇద్దరిదీనేమో అని సెక్రటరీకి అనుమానం వచ్చింది గానీ, మంత్రిగారు పెద్దమనసుతో ఉంచెయ్యమన్నారు.

జనం ఆ కాగితం చూసి ముచ్చటపడ్డారు. ఇన్నేళ్ళలో అబద్ధం లేని మ్యానిఫెస్టో ఇదే అన్నారు.

నాలుగు రోజులు గడిచాయో లేదో ఎన్నికల అధికారి జీపులో దిగాడు. చాలా మర్యాదస్థుడు. చెప్పులు బయట విడిచి మరీ లోపలికి వచ్చాడు.

“ఈ ఇస్త్రీపెట్టె ఎవరిదండీ?”

“నాదే బాబూ.”

“నడిరోడ్డు మీద పార్టీ గుర్తు ప్రదర్శించడం నిషేధం.”

“ప్రదర్శించడం లేదు నాయనా, మీ ఆఫీసు వాళ్ళ ప్యాంటే చేస్తున్నాను.”

ఆయన వేలితో ముట్టుకుని చూసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. “వేడిగా కూడా ఉంది. అంటే ప్రచారం జరుగుతున్నట్టే.”

పెట్టెని పట్టుకెళ్ళి పంచాయతీ గోదాములో పెట్టారు. నిష్పాక్షికంగా ఉండాలని గదికి తాళం వేసే పని తాళం పార్టీకి ఇచ్చారు. చెవి తాళంచెవి పార్టీ పట్టుకెళ్ళింది.

మర్నాడు షెడ్డు కోసం వచ్చారు. “రోడ్డు మధ్యలో ఇస్త్రీ కొట్టు ఉంటే చూసీ చూడనట్టు పోవచ్చు. పార్టీ ఆఫీసు ఉంటే ఎలాగండీ?” అన్నాడు అధికారి. అదీ నిజమే. రేకులు విప్పుతుంటే మా ఆడపడుచు గిన్నెలు చీరలో మూటకట్టుకుంది. “వదినా, అధ్యక్షురాలివి కదా, ఒక మాట చెప్పు,” అంది. చెప్పాను. ఆయన నాకు నమస్కారం పెట్టి రేకులు లారీలో వేసుకున్నాడు.

మంత్రిగారు స్వయంగా పరామర్శకు వచ్చి నా తల మీద చెయ్యి పెట్టారు.

“పదవుల్లో ఉన్నవాళ్ళకి ఇలాంటివి తప్పవమ్మా. నీకు పక్కా ఇల్లు ఇప్పిస్తాను.”

“ఏ కోటాలో సార్?” అన్నాడు సెక్రటరీ. “తాళం కోటా, తాళంచెవి కోటా, రెండే ఉన్నాయి.”

మంత్రిగారు నా తల మీది చెయ్యి తీశారు. “గెలిచాక మూడో కోటా పెడదాం. అందాకా ఓపిక పట్టు.”

పోలింగు రోజు జనం తిరునాళ్ళకి వచ్చినట్టు వచ్చారు. పోయినసారి ఇళ్ళలో పడుకున్నవాళ్ళంతా లేచి వచ్చి ఇస్త్రీపెట్టె మీద గుద్దారు. నేనూ గుద్దాను. మా ఆడపడుచు బయటికొచ్చి, “వదినా, నా జన్మలో మొదటిసారి మనవాళ్ళకి ఓటేశాను,” అని ఏడ్చింది. తాళం, తాళంచెవి రెండూ తుడిచిపెట్టుకుపోయాయి. ఊరంతా ఇస్త్రీపెట్టె.

ఆ సాయంత్రం సెక్రటరీ మైకు పట్టుకుని టెండరు నిబంధన చదివాడు. కట్టడం విజయవంతంగా పూర్తయింది కాబట్టి, అయిదేళ్ళ మెయింటెనెన్సు కింద మూడో పార్టీని కాంట్రాక్టర్లకు అప్పగించడమైనది. తాళం పార్టీ వారు ప్రభుత్వం చూసుకుంటారు. తాళంచెవి పార్టీ వారు ప్రతిపక్షం చూసుకుంటారు. రెండు ఆఫీసుల బోర్డుల మీదా పాత బొమ్మలు చెరిపి ఇస్త్రీపెట్టెలు వేశారు. రంగు ఆరకముందే జనం చప్పట్లు కొట్టారు.

ప్రమాణ స్వీకారం రోజు మంత్రిగారు హడావిడిగా నా దగ్గరికి వచ్చారు. కొత్త కండువా. బీరువాలో అడుగున పడి బాగా నలిగిపోయింది.

“అమ్మా, చప్పున ఒక చెయ్యి వేసి ఇయ్యి.”

“పెట్టె గోదాములో ఉంది బాబూ. తాళం తీయించండి.”

“అది తాళం పార్టీ వాళ్ళు వేశారు కదా.” మంత్రిగారు అటూ ఇటూ చూశారు. “ఆ పార్టీ ఇప్పుడు లేదే.”

“చెవి ఉన్న పార్టీ కూడా లేదు బావగారూ,” అన్నారు వియ్యంకుడుగారు జేబులు తడుముకుంటూ. “సర్దుకునేటప్పుడు ఎక్కడ పడిపోయిందో.”

“మరి ఎవరిని అడగాలయ్యా?”

“రూలు ప్రకారం మూడో పార్టీ అధ్యక్షురాలి అనుమతి కావాలి సార్,” అన్నాడు సెక్రటరీ.

ముగ్గురూ నా వైపు తిరిగారు. నేను వెంటనే అనుమతి ఇచ్చాను.

గది ఇంకా తెరుచుకోలేదు. మంత్రిగారు నలిగిన కండువాతోనే ప్రమాణం చేశారు. జనం నమ్మారు.

నిన్న మళ్ళీ సర్వే అమ్మాయి వచ్చింది. షెడ్డు ఉన్న చోట మేం కట్టుకున్న టార్పాలిన్ ఎత్తి లోపలికి తొంగి చూసి, “మీది ఏ పార్టీ అమ్మమ్మా?” అంది. మా ఆడపడుచు నోరు తెరవబోయింది. నేను మోచేత్తో పొడిచాను.

“ఊరుకోవే. ఏదీ కాదన్నావంటే నాలుగోది కట్టిస్తారు.”

ఇట్లు,
ఇస్త్రీ అత్త (అందరూ అలాగే పిలుస్తారు), మూడో పార్టీ అధ్యక్షురాలు,
వయసు అరవై ఎనిమిది,
ప్రస్తుతం ఉంటున్నది: ఇస్త్రీపెట్టె బోర్డు ఉన్న ఆఫీసుకీ, ఇస్త్రీపెట్టె బోర్డు ఉన్న ఆఫీసుకీ నడుమ, రోడ్డు మీద.